వాగుకు ఇవతలి జాగా

నల్లగొండ నుంచి దేవరకొండకు మొదటి బస్సు ఉదయం ఐదున్నరకు. తొంభైల్లో ఒక మార్చి నెల ఆ బస్సెక్కాను. పెద్దవాన కురిస్తే బడిపిల్లలు తలదాచుకునే షెడ్లు ఎక్కడ కట్టాలో పటాలు గీసి చెప్పడం నా ఉద్యోగం. వాగులు, ఎత్తులు, దారులు వేర్వేరు పలుచని కాగితాల మీద గీసి, ఒకదానిపై ఒకటి పరిచి, అనువైన చోట గుర్తు పెట్టేవాణ్ణి. అచ్చంపేట దగ్గరి ఒక పల్లెలో పెట్టిన గుర్తును కళ్ళారా చూసి రావాలి.

దేవరకొండలో ఇడ్లీ తిని, ఎనిమిదికి అచ్చంపేట బస్సు పట్టుకున్నాను. డిండి దాటాక పక్క సీట్లోని అవ్వ నా చేతిలోని కాగితాల చుట్ట ఏమిటని అడిగింది. చెప్పాను.

"వాన పడ్తాందంటే మా పోరగాళ్లను బడికే తోలం బిడ్డా," అంది. ఎందుకని నేను అడగలేదు.

అచ్చంపేటలో జీపు మారి, పల్లె చేరేసరికి పదకొండు దాటింది. హెడ్మాస్టరు తాహెర్ సారు బడి ముందే నిలబడి ఉన్నారు. పటం విప్పి చూపించాను: వాగు అవతల గుట్ట వాలు, గట్టి నేల, పది నిమిషాల నడక. ఆయన నన్ను వాగు దగ్గరికి తీసుకెళ్ళారు. ఇసుక తప్ప చుక్క నీరు లేదు.

"పోయిన వానల్ల బడి గోడ కూలెటట్లుంటే పిల్లలను ఇండ్లకు పంపిన సార్. గొర్ల మల్లయ్య బిడ్డ వాగు దాటుతుంటె ఈడనే కొట్టుకపోయింది. మూడో తరగతి. పంపింది నేనే."

ఎండిన వాగు కదా అని నేను దాన్ని దారి కిందే లెక్కకట్టాను. తల ఎత్తి ఆయన ముఖం చూడలేకపోయాను.

కాగితాలు మళ్ళీ పరిచాం. బడి వెనక మిట్ట నా పట్టికలో రెండోది. ఇరుకు జాగా, పైగా పట్టాభూమి. అది మల్లయ్యదే. అతని గొర్రెల దొడ్డి అక్కడే ఉంది.

"నేను అడగలేను సార్," అన్నారు తాహెర్ సారు. అయినా నా వెంట వచ్చారు.

మల్లయ్య గొర్రెలకు నీళ్ళు పెడుతూ నేను చెప్పిందంతా విన్నాడు. తరవాత సారు వైపు తిరిగాడు.

"వానొస్తే గీడనే కూసోబెడ్తవా సారూ? ఇండ్లకు తోలవు గదా?"

"తోలను మల్లయ్యా. వాళ్ల అవ్వ, నాయిన వచ్చేదాంక నేను గూడ ఈడనే ఉంట."

 మల్లయ్య వంగి దొడ్డికి కట్టిన ముళ్ళకంప లాగడం మొదలుపెట్టాడు. సారు వెళ్ళి రెండో కొస పట్టుకున్నారు.

కొలతలు తీసుకుని, సారు ఇంట్లో జొన్నరొట్టె, పప్పు తిన్నాను. ఆ ఊరి నుంచి చివరి జీపు నాలుగింటికి. వెళ్ళేవారు గుర్తుంచుకోవాలి. జీపు దాకా సారు వచ్చారు.

"బిడ్డ పోయినంక ఆయన నాతోని మాట్లాడింది ఇయ్యాలనే," అన్నారు.

డిండి దగ్గర పొద్దుగూకింది. బస్సు కుదుపుల్లోనే నివేదిక తీశాను. కొలతలు మాత్రమే చూస్తే ఇప్పటికీ మొదటి చోటే మెరుగు. చోటు మార్చడానికి కారణం అన్న గడిలో "పిల్లలు వాగు దాటకూడదు" అని రాశాను. అంతకుమించి ఏమీ రాయలేకపోయాను.