నూతి మెట్టు మీద గంప

అగ్నిప్రమాదానికి ఇల్లు బీమా చేయించినవాణ్ణి మా వీధిలో నేనొక్కణ్ణే. నర్సీపట్నంలో అప్పటికి సగం ఇళ్ళు తాటాకువి. ఎండాకాలంలో ఒకటి అంటుకుంటే వరసంతా పోయేది. ఆ వార్తలు పత్రికకు రాసి పంపేది నేనే కాబట్టి, ఏజెంటు అడగ్గానే సంతకం పెట్టాను. వంటిల్లు ఎక్కడుంది, గడ్డివాము ఎంత దూరం, అన్నీ ఆయన అడిగి రాసుకున్నాడు. పెరట్లో నూతి మెట్టు సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ మెట్టు రాయి కదులుతోందని వీధి వాటాలో అద్దెకున్న మాస్టారు నాకు రెండుసార్లు చెప్పారు. మాకవరపాలెం దారిలో ఒక పల్లె బడికి ఆయన పంతులు. రోజూ నడిచి వెళ్ళి నడిచి వచ్చేవారు. "చూద్దామండీ" అన్నాను, రెండుసార్లూ. శ్రావణమాసంలో ఒక ఉదయం స్నానానికి నీళ్ళు తోడుకుని ఆయన ఇటు తిరిగేసరికి రాయి ఒరిగింది. కుడికాలు చీలమండ దగ్గర విరిగింది. ఆసుపత్రిలో బద్దలు కట్టి పంపారు. నెలలోగా బడికి రాకపోతే ఇంకొకర్ని వేస్తామని పైనుంచి కబురు వచ్చిందట.

పెట్టెలోంచి బీమా కాగితం తీసి చదివాను. నిప్పు, పిడుగు తప్ప అందులో మరేమీ లేదు. ఏజెంటు కనిపిస్తే అడిగాను.

"ఇల్లు కాలితే మేమున్నాం బాబూ. ఇంట్లో మనిషి పడితే మీరే ఉన్నారు" అన్నాడు.

కార్ఖానాలో దెబ్బ తిన్న కూలీకి యజమాని పరిహారం ఇవ్వాలన్న కొత్త చట్టం గురించి పత్రికకు తెలుగు చేసి పంపింది నేనే. అద్దె ఇళ్ళ మాట అందులో లేదు. ఎందుకైనా మంచిదని ప్లీడరు దగ్గరికి వెళ్ళాను.

"రాయి ముట్టుకోకండి. ఇప్పుడు సరిచేయిస్తే ముందే పాడైందని ఒప్పుకున్నట్టు. పరామర్శకీ వెళ్ళకండి. మాటల్లో ఏదో అనేస్తారు" అన్నారాయన.

ఒకే కప్పు కింద ఉంటూ మూడు వారాలు వెళ్ళలేదు. వీధి గుమ్మం మానేసి పక్క సందులోంచి రాకపోకలు సాగించాను. ఆ రోజుల్లోనే మెట్టు మీద ఒక గంప బోర్లించి ఉండడం చూశాను. అటువైపు ఎవరూ అడుగు పెట్టడం లేదు. ఈ సంగతీ ప్లీడరుకు చెప్పాను.

"సాక్ష్యం చెదరకుండా కాపాడుకుంటున్నారు. తెలివైనవాళ్ళే" అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మా అమ్మ చేత్తో గోడ తడుముకుంటూ నూతివైపు నడుస్తోంది. మాస్టారి భార్య గుమ్మంలోంచి పిలవడం నాకు వినిపించింది.

"పిన్నిగారూ, కాలికి గంప తగిలితే ఆగిపోండి. ఇటు పక్కనుంచి రండి."

"ఎవలెట్టేరే ఇక్కడ గంప?"

"ఆయనే ఎట్టమన్నారు. మీకు కళ్ళు ఆనవు కదా, మీరూ పడిపోతారని. మరి మీ అబ్బాయికి తీరిక నేదు."

"ఆడికి తీరికేటి. ఊళ్ళో ఎవల కొంప కాలిందో సూసుకోవాల" అంది అమ్మ.

నేను వీధి గుమ్మంలోంచే వెళ్ళాను. మాస్టారు చాప మీద కాలు చాపుకుని పిల్లల పుస్తకాలు దిద్దుతున్నారు.

"మీరు రెండుసార్లు చెప్పారు, నేను పట్టించుకోలేదు. తప్పు నాదండీ" అన్నాను.

ఆయన దిద్దుతున్న పేజీ పూర్తిచేశారు.

"మీరొచ్చినట్టు ప్లీడరుగారికి తెలుసునేటండి?"

"తెలీదు."

"అయితే కూకోండి. నా కాలికి అయ్యేదేదో అయిపోయింది. రాయి మాత్రం బేగి సూడండి" అన్నారు.

మర్నాడే తాపీవాడు వచ్చాడు. నెల నిండకముందే మాస్టారు మా పొలం బండి మీద బడికి వెళ్ళారు, ఉద్యోగం నిలిచింది. ఎముక మాత్రం వంకరగా అతుక్కుంది. బండి వద్దని ఆయన మళ్ళీ నడక మొదలుపెట్టాక, మునుపటికంటే గంట ముందు బయలుదేరవలసి వచ్చేది. ఆ వేళకు నేను అరుగు మీద పత్రికకు వార్తలు రాసుకుంటూ ఉండేవాణ్ణి. ఆయన వీధి చివర మలుపు తిరిగేదాకా నా కలం సాగేది కాదు.