ఓడినవాళ్లకో బీరు

పొద్దున ఆరింటికి నెస్టర్ బలాంగే గోడ ప్లగ్గులోంచి కారు వైరు పీకి, చుట్ట చుట్టి బానెట్ సందులో దోపాడు. రాత్రంతా ఇంజనుకు కరెంటు వేడి తగలకపోతే హాల్వర్ క్రీక్‌లో ఏ బండీ కదలదు. ఒంటారియో ఉత్తరాన, అడవుల మధ్య ఉన్న ఈ ఊళ్లో అతనికిది రెండో చలికాలం. సొంతూరు ఫిలిప్పీన్స్‌లోని పంగసినాన్. వయసు నలభై ఒకటి. గ్యారీ అనే ఆయన షెడ్డులో దుంగల లారీలు బాగుచేస్తాడు. వర్క్ పర్మిట్ మే నెలాఖరు దాకానే ఉంది.

ఆ సాయంత్రం నాలుగింటికి టౌన్ హాల్లో కమిటీ అతని విషయం తేల్చబోతోంది. ఊరు సిఫారసు చేస్తే శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, భార్య మార్లిన్‌నీ కూతురినీ తెచ్చుకోవచ్చు. చెయ్యకపోతే సామాను సర్దుకోవడమే. చేతిలో ఉద్యోగముంది, భాష పరీక్ష పాసయ్యాడు. ఇక మిగిలింది, అతను ఈ ఊళ్లో ఉండిపోతాడని ఐదుగురు సభ్యుల్లో ముగ్గురైనా నమ్మడం. అదే కష్టం. మూడేళ్ల కిందట సిఫారసు పొందిన ఐదు కుటుంబాల్లో నాలుగు, శాశ్వత నివాస కార్డు చేతికి రాగానే టొరంటో దారి పట్టాయి.

నలుగురిలో కలవమని గ్యారీయే అతన్ని కర్లింగ్ జట్టులో చేర్చాడు. మంచు మీద బరువైన నున్నటి రాయిని జార్చి, దాని ముందు చీపుర్లతో తోముతూ పరుగెత్తే ఆట అది. నెస్టర్ పడ్డాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. మూడు మంగళవారాలు ఆడితే మూడూ ఓడారు. ఆట అయ్యాక అందరితో చేతులు కలిపి, మిగతావాళ్లు బార్ వైపు నడుస్తుంటే అతను పక్క తలుపులోంచి బయటపడేవాడు. తాగడేమోలే అని జట్టువాళ్లు ఊరుకున్నారు.

మధ్యాహ్నం అన్నం దగ్గర గ్యారీ ఆ సంగతే ఎత్తాడు.

"డోరీన్ జట్టుతో ఆడినరోజు ఎందుకు పారిపోయావయ్యా?"

"ఓడిపోయాం కదా."

"ఓడితే?"

నెస్టర్ చెంచా కింద పెట్టాడు. తమ ఊళ్లో బాస్కెట్‌బాల్ ఓడినవాళ్లే అందరికీ కూల్‌డ్రింకులు కొనాలనీ, ఇక్కడేమో బీరనీ, తన జీతంలో అంతమందికి పోయించడం తనవల్ల కాలేదనీ చెప్పాడు.

గ్యారీ తన డబ్బాకి మూత పెట్టాడు. "ఇక్కడ కొనేది గెలిచినవాళ్లు. ఓడినవాళ్లు కూర్చుని తాగాలి. డోరీన్ నీకోసం తెప్పించిన గ్లాసు ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. ఒక్క బీరు తాగేంతసేపు ఆగనివాడు ఊళ్లో ఏం ఆగుతాడు అంది."

డోరీన్ కోవల్‌చుక్ కమిటీలో సభ్యురాలు.

నాలుగింటికి బల్లకు ఆ పక్క ఐదుగురు, ఈ పక్క నెస్టర్. ఇక్కడే ఎందుకుంటావని అడిగారు. గ్యారీ నేర్పినట్టు సరస్సు గురించి, మంచి గాలి గురించి మొదలుపెట్టాడు.

"అవన్నీ ఇంతకుముందే నాలుగుసార్లు విన్నాం" అంది డోరీన్.

నెస్టర్ సరస్సు మాట వదిలేశాడు. తర్వాత బీరు సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇద్దరు నవ్వారు. డోరీన్ నవ్వలేదు.

"అంటే మూడుసార్లు బిల్లు ఎగ్గొట్టిపోయాననుకున్నావన్నమాట."

"అవును మేడమ్."

"మేడమ్ ఏంటి, బడి బస్సు నడిపినదాన్ని. టొరంటోలో ఎవరున్నారు నీకు?"

"మా బావమరిది."

"రమ్మంటున్నాడా?"

"ప్రతి ఆదివారం."

"మరి వెళ్లవా?"

"వచ్చిన కొత్తలో వాళ్ల బేస్‌మెంట్‌లోనే ఉన్నాను. ఆరుగురం. స్నానానికి వరస కట్టాలి. పగలో రాత్రో తెలిసేది కాదు. ఇక్కడ నా గదికి కిటికీ ఉంది. కొలతలు పంపమంది మార్లిన్. అక్కడ కర్టెన్లు కుడుతోంది."

ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. లేదన్నాడు. బయట కూర్చోమన్నారు.

కాసేపటికి డోరీన్ కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చింది. ముగ్గురు సరేనన్నారనీ, ఇద్దరు వద్దన్నారనీ చెప్పింది.

"వద్దన్నవాళ్లలో నేనొకదాన్ని. నువ్వు మంచివాడివే. వెళ్లిపోయిన ఆ నాలుగిళ్లవాళ్లూ మంచివాళ్లే."

నెస్టర్ థాంక్స్ చెప్పాడు. ఎందుకని ఆవిడ అడగలేదు.

సిఫారసు ఉత్తరం చేతికొస్తే, కేంద్రం జవాబిచ్చేదాకా పనిచేసుకునేందుకు కొత్త పర్మిట్‌కి అర్హత వస్తుంది. ఆ జవాబుకి ఏడాది పైనే పట్టొచ్చని గ్యారీ అన్నాడు. నెస్టర్ కారులో కూర్చుని మార్లిన్‌కి ఫోన్ చేశాడు. అక్కడ తెల్లవారుతోంది. ఆమె కాసేపు ఏడ్చి, తర్వాత పాపకి ఎలాంటి కోటు కొనాలి, అక్కడ చలి ఎంత అని అడిగింది.

డాష్‌బోర్డు మీద మైనస్ ముప్పై ఒకటి కనిపిస్తోంది. మైనస్ పదిహేను అని చెప్పాడు.