శుక్రవారం నాడు నగరి అత్త నెత్తురు

నగరికి పోవాలంటే తిరుపతి బస్టాండులో పుత్తూరు మీదుగా పోయే బస్సులకు కొదవ లేదు. నేను పొద్దున ఏడింటి బస్సెక్కినాను. ఒళ్ళో ఖాళీ ఐసు పెట్టె. "ఐసుక్రీమా సార్, మాకేం లేదా?" అన్నాడు కండక్టరు. "నెత్తురు తేవడానికి పోతా ఉండా" అన్నాను. మళ్ళీ నా సీటు దిక్కు వస్తే ఒట్టు.

సంగతేమంటే, రెండేళ్ళ కిందట నా తొడలో గడ్డ తీసినారు. కండరాల్లో, కొవ్వులో ఎక్కడో ఒకరికి పుట్టే క్యాన్సరంట. ఇప్పుడు బాగుండాను, సంగటి ముద్దలు మింగతా ఉండాను. అయితే జన్యు పరీక్షలో ఒక తేడా కనబడింది. అదే తేడా పన్నెండేళ్ళ నా బిడ్డ పావనికీ ఉండాది. అది చెడ్డదో, ఊరికే మా వంశంలో వచ్చేదో ఎవురూ చెప్పలేకపోయినారు. "ఈ జబ్బు పరిశోధనలకు నమూనాలిచ్చినవాళ్ళు ఎక్కువమంది బయటి దేశాలవాళ్ళే. మనవాళ్ళవి పోల్చి చూద్దామంటే దొరకవు" అనింది తిరుపతి డాక్టరమ్మ. పావనికి ఏటేటా స్కానింగులు తప్పవా అని నాకు నిద్ర పట్టేది కాదు. మా నాయన లేడు. ఆయన తోబుట్టువుల్లో మిగిలింది నగరి అత్త ఒకతే. ఎనభై దాటినా జబ్బంటే ఎరగదు. ఆమె నెత్తురు కావాలన్నారు.

పుత్తూరులో ఇడ్లీ తినండి, చట్నీ రెండోసారి అడగడానికి మొగమాటపడొద్దు. నగరిలో దిగితే మరమగ్గాల చప్పుడు చెవులు తినేస్తుంది. అత్త సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. కడుపు నిండా తిన్నాను. పక్కవీధి ల్యాబు అమ్మాయి వచ్చి సూది బయటికి తీసిందో లేదో, అత్త చెయ్యి వెనక్కి లాక్కునింది.

"ఈ పొద్దు సుక్రవారం గదరా అల్లుడా! ఇంట్లోంచి ఉప్పు గల్లు గూడా బయటికియ్యం, నెత్తురిస్తామా?"

ఆ ఇంట్లో పెరిగిన నేనే శుక్రవారం నాడు వస్తినే! మీరెవరైనా ఇట్లాంటి పని మీద పోతే వారం చూసుకుని పొండి. బతిమాలినాను, అలిగినాను. అత్త కాసేపు గడప దిక్కే చూసి, లేచి చీర మార్చుకునింది.

"ఇంట్లోంచి ఇయ్యగూడదు గానీ, నేను యాడికీ పోగూడదని యెవురన్నారు? పద, తిరపతికి."

ఖాళీ ఐసు పెట్టెలో పావనికని ఊరిబిండి డబ్బా పెట్టింది. బస్సులో కిటికీ సీటు ఆమెదే. తిరుపతి ఆసుపత్రిలో రెండు గొట్టాల నెత్తురు తీస్తే, "ఇంతేనా? దీనికా ఇంత రచ్చ!" అనింది. ఫలితానికి కొన్ని వారాలు పడుతుందన్నారు.

సాయంత్రం మా ఊరు చంద్రగిరికి సిటీ బస్సెక్కినాము. నేనేమో హాయిగా కూలబడినాను. అత్త మాత్రం ఆలోచిస్తా ఉండాది.

"అల్లుడా, ఆ తేడా నాలో ఉంటే మంచిదా, లేకుంటే మంచిదా?"

"ఉంటేనే మంచిదత్తా. ఇన్నేండ్లు నీ ఒంట్లో ఉండి ఏమీ చెయ్యలేదంటే, పావని మీద మా బెంగ చానా తగ్గుతుంది."

అత్త కిటికీలోంచి కొండ దిక్కు తిరిగి చేతులు జోడించింది. "సామీ, అది నాకు ఉండేటట్టు సూడు నాయనా!"

దిగేసరికి పావని బస్టాపులో నిలబడి ఉండాది. అత్త దాని మొగం రెండు చేతుల్తో పట్టుకుని అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది.

"ముక్కు నాదే" అనింది. "అదీ నాదే అయ్యుంటాది లేరా."