తలకిందుల పదిహేడు

ఏ ఇనుప వస్తువు కనబడినా దాని అతుకు ఎక్కడుందో చూడందే వెల్డింగు మేస్త్రికి మనసు ఊరుకోదు. మనవరాలు పుట్టినప్పుడు ఆసుపత్రికి వెళ్ళి ముందుగా ఉయ్యాల కాళ్ళు తిప్పి చూశాడని కూతురు ఇప్పటికీ దెప్పుతుంది.

ఆయన ట్యాంకులు చేసే షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఎవరు వేసిన అతుకు పక్కన వాళ్ళే తమ నంబరు అచ్చు కొట్టాలి. రేపు కారితే ఎవర్ని తిట్టాలో తెలియాలి కదా. మేస్త్రి నంబరు పదిహేడు. ఎడంచేతివాటం మనిషి కావడంతో అందరికీ ఎదురువైపు నిలబడి కొట్టేవాడు, అది తలకిందులుగా పడేది. ఎంతమంది చెప్పినా ముప్పై ఏళ్ళలో ఆ అలవాటు మారలేదు.

పొరుగు దేశం గుట్టుగా అణుబాంబు చేస్తోందని సముద్రాల అవతలి పెద్ద దేశం ఏడాదిగా గోల పెడుతోంది. చర్చలు మొదలయ్యాయి, ఆగాయి, మళ్ళీ మొదలయ్యాయి. అంతర్జాతీయ తనిఖీవాళ్ళను రానిచ్చామని పొరుగు దేశం అంటే, అన్ని తలుపులూ తీయలేదని పెద్ద దేశం అంది. యుద్ధమే వస్తే మన సైన్యమూ పెద్ద దేశం వెంట నడుస్తుందని ప్రకటన వచ్చింది. మేస్త్రి అల్లుడు సైన్యంలో లారీ నడుపుతాడు. ఆ మాట విన్న రోజు నుంచీ కూతురికి ముద్ద దిగడం లేదు.

ఒక సాయంత్రం టీవీలో సాక్ష్యమంటూ ఒక ఫొటో చూపించారు. బాంబు సరుకు శుద్ధి చేసే పాత్రట. మేస్త్రి కుర్చీ దగ్గరికి లాక్కుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అతుకు పక్కన తలకిందులుగా పదిహేడు.

"ఇది వాళ్ళ పాల ఫ్యాక్టరీకి నేను చేసిచ్చిన ట్యాంకు," అన్నాడు.

మర్నాడు మంగలి షాపులో చెబితే అందరూ నవ్వారు. టీవీ మాట అక్కడ ఎవరూ నమ్మలేదు, మేస్త్రి మాట అంతకన్నా నమ్మలేదు. ఆయనకు పౌరుషం వచ్చింది. దానికన్నా ఎక్కువగా కుతూహలం పట్టుకుంది. తన పాల ట్యాంకు బాంబు పాత్ర ఎలా అయింది? పన్నెండేళ్ళ కిందటి నక్షా కాగితాలు పెట్టెలోంచి తీసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నగరంలో తనిఖీవాళ్ళ ఆఫీసుకు వెళ్ళాడు.

అక్కడి అధికారిణి నవ్వలేదు. నక్షాలోని కొలతలను ఫొటోతో పోల్చింది. ఆయన వెంట తెచ్చుకున్న రేకు ముక్క మీద అచ్చు కొట్టించింది. అది యథాప్రకారం తలకిందులుగానే పడింది.

"ట్యాంకు మీదే," అంది. "ఇప్పుడు దాంట్లో ఏం పోస్తున్నారో తెలుసా?"

మేస్త్రి ఆలోచించాడు. అబద్ధమాడితే అల్లుడు ఆగుతాడేమో. కానీ నోరు రాలేదు.

"తెలీదమ్మా. మీకు తెలుసా?"

"మాకూ తెలీదు. వెళ్ళి చూడ్డానికి రెండు వారాలు అడిగాం."

ఆ రెండు వారాలు ఎవరూ ఇవ్వలేదు. గురువారం అల్లుడు యుద్ధానికి బయల్దేరాడు. బస్సు దాకా వెళ్ళిన మేస్త్రి జాగ్రత్త అని చెప్పబోయి, వీలైతే ఆ ట్యాంకు చూసి రమ్మన్నాడు. ఇంటికి తిరిగొచ్చే దారి పొడుగునా కూతురు ఆయనతో మాట్లాడలేదు.

అయిదు నెలలకు అల్లుడు కుంటుతూ తిరిగొచ్చాడు. బాంబు దొరకలేదని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. అతను అన్నం తిని లేచేదాకా మేస్త్రి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

"చూశావా? ఏముంది అందులో?"

"నీళ్ళు మామయ్యా. పాల ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడిందట. మేం వెళ్ళేసరికి ఆడవాళ్ళు దాని దగ్గర బిందెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళను దూరంగా పంపించి పేల్చేశాం. ఆర్డరు."

మేస్త్రి అరచేతుల వైపు చూసుకున్నాడు. అలవాటు కొద్దీ అడిగేశాడు.

"అతుకు విడిపోయిందా?"

"లేదు. రేకంతా చిరిగిపోయింది. మీ అతుకు మాత్రం అలాగే ఉంది."

తన పనిని ఎవరైనా అంతగా మెచ్చుకుంటే ఆ పూటంతా నలుగురికీ చెప్పుకునే మనిషి, ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.