చావు కార్డు మీద శుభమస్తు

తిరుమలగిరిలో ఒక చావింటివాళ్లకు నేను చేసిన నిర్వాకం చెబుతాను. నవ్వుకుంటారో తిట్టుకుంటారో మీ ఇష్టం. తిట్టదలిస్తే మాత్రం వరుసలో నిలబడండి, మీకన్నా ముందు చాలామంది ఉన్నారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో యాదగిరన్న కార్డుల దుకాణంలో టైపు కొట్టేవాణ్ణి. లగ్గాల కాలంలో ప్రతి పత్రిక నెత్తినా "శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు" కొట్టీ కొట్టీ నాకు తిక్క రేగింది. ఒకరోజు దాన్ని సెట్టింగుల్లోకి ఎక్కించేశాను. "ఇకమీద అన్ని కొత్త పేజీలకూ ఇదేనా?" అని కంప్యూటర్ మర్యాదగానే అడిగింది. ఎస్ నొక్కేసి, ఆ సంగతే మరిచిపోయాను.

మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగాయి. అప్పుడు గొర్రెలు కాసే లింగయ్య తన తండ్రి దశదినకర్మ కార్డు కోసం వచ్చాడు.

"తమ్మీ, మా పెదనాయినకు మాకు మాటల్లేవు. కార్డు మంచిగుంటెనే దినాలకు వస్తడు. జర సక్కగ కొట్టు."

"ఫికర్ చెయ్యకన్నా!"

పేజీ నెత్తిన ఉండే అక్షరాలు తెరమీద వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. నా కళ్లకు ఆనలేదు. అచ్చు తీసి, తిప్పి చూడకుండానే కట్ట కట్టి ఇచ్చేశాను. కాసేపటికే లింగయ్య తల్లిని వెంటబెట్టుకొని వచ్చి, ఆ కట్టను బల్లమీద విసిరికొట్టాడు.

"మా బాపు సచ్చిపోతే శుభమస్తా? గీ కార్డు చేతుల పెడితే మా పెదనాయిన నన్ను బతకనిస్తడా?"

చూశాను. ముసలాయన ఫోటో కింద దశదినకర్మ, తల మీద శుభమస్తు. నాకు ఒళ్లు మండిపోయింది. నా మీద కాదు, కంప్యూటర్ మీద! చెరిపేసి కొత్త పేజీ తెరిచాను. శుభమస్తు. మిషన్ ఆపి మళ్లీ పెట్టాను. అవిఘ్నమస్తుతో సహా ప్రత్యక్షం.

"దీనికి వైరస్ పట్టిందన్నా! ఎవడో దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కిచ్చిండు!" అంటూ కీబోర్డును గుద్దితే, ఒక మీట ఊడి లింగయ్య చెప్పుల దగ్గర పడింది.

యాదగిరన్న తాపీగా అడిగాడు. "మొన్న లగ్గాలప్పుడు, టైపు కొట్టుడు తప్పిందని మస్తు మురిసినవు గద. ఏం నొక్కినవ్‌రా?"

ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. మద్దెలకు తానే చిల్లు పెట్టి ఓడన్న వెధవను నేనొక్కణ్ణే. లింగయ్య నా కాలర్ పట్టుకున్నాడు.

"ఏం రాసిండ్రురా అండ్ల?" అంది చదువురాని ఆ తల్లి. నేనే చదివి వినిపించాను.

"గిది లగ్గం పత్రికల రాసేది గదా?"

"అవునవ్వా. తప్పయింది."

ఆమె ఒక కార్డు తీసుకొని ఫోటో మీద వేలుపెట్టింది. "మా లగ్గానికి కార్డు కొట్టిస్తనని నోటి పిలుపులతోనే కానిచ్చిండు గీయన. ఇగ గిప్పుడు కొట్టిచ్చిండు." కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "గిదొక్కటి నాకుండనీ బిడ్డా. మా బావకు మాత్రం మంచిది కొట్టియ్యి."

ఎక్కించిన చోటే ఆ సెట్టింగును పీకేసి, కొత్త కార్డులు కొట్టి ఇచ్చాను. పెదనాయిన దినాలకు వచ్చి, కడుపునిండా తిని పోయాడట.

ఆ రోజే ప్రింటర్ ముందు అగరుబత్తి వెలిగించి ప్రమాణం చేశాను. ఇక ఏ యంత్రం "అన్నింటికీనా?" అని అడిగినా, చేతులు జోడించి "ఈ ఒక్కదానికే తల్లీ" అంటాను. ఆ ప్రమాణం ఇప్పటికీ తప్పలేదు. అయినా యాదగిరన్న నన్ను నమ్మలేదు. నా పెళ్లి పత్రికను నా చేత కొట్టనీయకుండా సూర్యాపేటలో వేరే దుకాణానికి పంపాడు.