డోలోరెస్ అంటే ఆనందమని చెప్పినవాణ్ణి నేనే

హాలు నిండా చుట్టాల ముందు, మైకు పట్టుకుని మరీ నా పరువు నేనే తీసుకున్న కథ ఇది. నన్నెవరూ తొయ్యలేదు. బ్యానరు కట్టించుకుని, ముహూర్తం చూసుకుని, నా అంతట నేనే పడ్డాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో మనిషికి తెలియని విషయం ఉండదు. తర్వాత్తర్వాత ఒక్కొక్కటే తెలియకుండా పోతుంది.

మా అక్కా బావా గాజువాకలో ఉంటారు. బావ స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ నడుపుతాడు. ఆయన తల్లి, అంటే అక్క అత్తగారు, సముద్రం ఒడ్డున చేపలమ్మి ఒక్కగానొక్క కొడుకుని పెంచిన మనిషి. అక్కకి ఆడపిల్ల పుట్టింది. పంతులు గారు పంచాంగం తిప్పి, "ఆశ్లేష, నాలుగో పాదం. తండ్రికి అంత మంచిది కాదంటారు. శాంతి చేయిస్తే సరిపోతుంది. పేరు మాత్రం ‘డో’ అక్షరంతో రావాలి" అన్నారు.

అందులో అత్తగారి చెవిన పడింది ఒక్కటే ముక్క: తండ్రికి మంచిది కాదు. శాంతి చేయించాం. ఆవిడ భయం మాత్రం తగ్గలేదు. రోజూ వచ్చేది, గుమ్మంలోంచే "పాలు తాగినాదా?" అని అడిగేది, వెళ్లిపోయేది. పిల్లని ముట్టుకునేది కాదు. అక్క నాకు ఫోన్ చేసి ఏడ్చింది.

"పదిహేను రోజులైనాది రా ఆనందా. ఒక్కసారి ఒల్లో ఎట్టుకోలేదు. పేరైనా మంచిది దొరికితే ఆవిడ మనసు మారతాదేమో. మేనమామవి, నువ్వే సూడు."

మేనమామవి అన్నాక ఆగుతానా! కానీ ‘డో’తో పేరెక్కడుంది? మా ఇంటిల్లిపాదీ కూర్చుని వెతికాం. డోలు, డోలక్, డోసు, డోర్ కర్టెను దాకా వచ్చి ఆగిపోయాం. బావ నీరసంగా, "బావమరిదీ, ఈ అక్షరం పిల్లల కోసం కాదు, హార్డ్‌వేర్ షాపుల కోసం పెట్టినట్టున్నారు" అన్నాడు.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. పోర్టుకొచ్చే ఓడలకి కూరగాయలూ బియ్యం సబ్బులూ సరఫరా చేసే ఆసామి దగ్గర పనిచేసేవాణ్ణి. తెల్లారకుండా పూర్ణా మార్కెట్‌లో వంకాయలు ఏరడం, పదికల్లా వాటిని ఓడెక్కించడం. ఆ వారం వచ్చిన ఓడలో వంటమనిషి స్పెయిన్ దేశస్థుడు. పేరు రమోన్. తలుపంత మనిషి. టొమాటోలు ఒక్కొక్కటీ వాసన చూసి గాని సంతకం పెట్టడు. ఆ రోజు సరుకు నచ్చి, సంతోషంతో ఫోన్ తీసి వాళ్లమ్మ ఫోటో చూపించాడు. పెద్ద మూకుడు పట్టుకుని, కళ్లు మూసుకుపోయేలా నవ్వుతోంది ఆ తల్లి.

"మదర్ నేమ్?" అన్నాను మర్యాదకి.

"డోలోరెస్."

పాఠకులారా, నా చేతిలోంచి వంకాయల బుట్ట జారిపోయింది. డో! సాక్షాత్తూ డో! పేరుకి అర్థమేమిటని అడగాలని బుద్ధున్న ఎవడికైనా తోస్తుంది. నాకు తోచలేదు. ఓడ మెట్లు దిగుతూనే అక్కకి ఫోన్ కొట్టాను.

"డోలోరెస్ అక్కా! స్పెయిన్ పేరు!"

"బాగుందిరా. అర్థం ఏటి?"

చూడండి, అక్కడ నేను "తెలీదు" అనొచ్చు. నాలుగక్షరాల మాట కూడా కాదు. కానీ ఫోటోలో ఆ తల్లి నవ్వు కళ్ల ముందుంది. అంతలా నవ్వే మనిషి పేరుకి ఇంకేం అర్థం ఉంటుంది? పైగా నా పేరు ఆనంద్. నోటికి అదే దగ్గరగా ఉంది.

"ఆనందం" అన్నాను.

అక్క గొంతులో ఏడుపు పోయి నవ్వొచ్చింది. ఆ నవ్వు విన్నాక వెనక్కి తగ్గడం నా వల్ల కాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, నా నోరు మూసుకునుంటే గాజువాక మొత్తం ఇంకా మంచిగా ఉండేది.

ఇరవై ఒకటో రోజున బారసాల. హాలు ముందు నా ఖర్చుతో నిలువెత్తు ఫ్లెక్సీ: పాప ఫోటో, దాని కింద ‘చి. డోలోరెస్’, దాని కింద ఎర్రటి అక్షరాల్లో ‘స్పానిష్ భాషలో ఆనందం’. పక్కన చేతులు కట్టుకున్న నా ఫోటో, పాప ఫోటో కంటే కొంచెం పెద్దది. అంతటితో ఊరుకున్నానా? ఓడ ఇంకా రేవులోనే ఉంది, రమోన్‌కి ఊళ్లోకి రావడానికి పాసుంది. షేర్ ఆటోలో తీసుకొచ్చాను. ఆయన ఒక్కడే మూడు సీట్లు ఆక్రమించాడు.

బావ పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో పేరు రాశాడు. ‘డోలోరెస్’ పట్టక ‘స్’ పళ్లెం అంచు మీదికెళ్లింది. అత్తగారు దూరంగా కుర్చీలో కూర్చుని చూస్తోంది. అప్పుడు నేను మైకు తీసుకున్నాను. అడుసు తొక్కనేల, తొక్కి మైకు పట్టుకోనేల!

"ఈ పేరు అర్థం సాక్షాత్తూ స్పెయిన్ నుంచి వచ్చిన మా రమోన్ గారి నోటనే విందాం" అని ఆయనకి ఇంగ్లీషులో చెప్పి మైకందించాను.

రమోన్ మొహం వెలిగిపోయింది. "మై మదర్స్ నేమ్! మీనింగ్... సారోస్. పెయిన్స్" అన్నాడు గుండె మీద చెయ్యేసుకుని.

నేను మైకు లాక్కుని, "ఆనందం అంటున్నారు" అన్నాను.

ముందు వరసలోంచి బావ పెద్దనాన్న లేచాడు. పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. "ఓరి, మాకు ఇంగ్లీసు రాదనుకున్నావేటి? సారో అంటే దుఃఖం గదా!"

"అది... స్పెయిన్ ఇంగ్లీషులో వేరండీ" అన్నాను.

రమోన్‌కి పాపం ఏదో అర్థం కాలేదనిపించి, ఇంకా వివరంగా చెప్పాడు. వాళ్ల దేశంలో మరియమాతకి చాలా బిరుదులున్నాయట. కొడుకు కోసం ఏడు దుఃఖాలు పడ్డ తల్లి అని ఒకటి. ఆ బిరుదులోంచి వచ్చిన పేరట. "సెవెన్ సారోస్" అని ఏడు వేళ్లు చూపించాడు. దాన్ని ఇక మార్చి చెప్పడానికి వీల్లేదు.

అక్క మొహం చూశాను, చూడకుండా ఉండాల్సింది. తేలు కుట్టిన దొంగలా మైకు వెనక దాక్కోబోయాను. మైకు సన్నం, నేను లావు.

అత్తగారు లేచింది. నేరుగా నా దగ్గరికొచ్చింది. "కొడుకు కోసం ఏడు ఏడుపులు ఏడ్సినాదా ఆ తల్లి?"

"అవునండీ" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన మొదటి నిజం.

"నా పేరేటో ఎరుగుదువా?"

అందరూ ఆవిణ్ణి అత్తా, పిన్నీ అనేవాళ్లే. పేరు నాకు నిజంగా తెలీదు.

"పెంటమ్మ. నా ముందు పుట్టిన ముగ్గురు గుంటలు పోనారంట. నన్ను పెంట మీద దొర్లించి ఆ పేరెట్టినాది మాయమ్మ. పాడు పేరైతే పాడు కళ్లు పడవని. నాను బతికినాను గదా? ఏడుపంతా పేరే తినేత్తే, గుంటకి నవ్వే మిగుల్తాది. ఎట్టండి ఆ పేరే!"

అని, ఇరవై ఒక్క రోజుల్లో మొదటిసారి, వంగి పిల్లని ఎత్తుకుంది. కుర్చీలో కూర్చుని ఒళ్లో పడుకోబెట్టుకుంది. పిల్ల ఆవిడ చీర కొంగు గుప్పిట్లో బిగించింది. అక్క ఏడ్చేసింది, బావ కళ్లు తుడుచుకున్నాడు, రమోన్ ఏమీ అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా ఏడ్చాడు. నాకైతే ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది.

భోజనాల దగ్గర రమోన్ చేపల పులుసు మూడోసారి వడ్డించుకుంటూ నన్నడిగాడు. "అండ్ యువర్ నేమ్, ఆనంద్? వాట్ మీనింగ్?"

నేను నోరు తెరిచేలోపు, వడ్డిస్తున్న అక్క గరిటె ఎత్తింది.

"సారోస్, సార్" అంది. "సెవెన్ సారోస్."

కాబట్టి సమస్త బంధుమిత్రుల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. తెలియని పేరుకి ఇక అర్థం చెప్పను. తెలిసినదానికీ చెప్పను. నా పేరుకి అర్థమేమిటని ఎవరైనా అడిగితే, మా అక్క ఫోన్ నంబరిస్తాను.