నేను దాచిన ప్లగ్గు

యాదగిరన్నకు ఒక నిజం చెప్పాలని ఆరేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చాను. చివరికి 2012 మార్చిలో ఒక మంగళవారం ఉదయం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో సూర్యాపేట బస్సెక్కాను.

అంతకు ఆరేళ్ల ముందు దాకా నేను డ్రాగ్ రేసుల్లో బండి నడిపేవాణ్ణి. తిన్నని రోడ్డు మీద పావు మైలు దూరం, కొన్ని సెకన్లలో తేలిపోయే పోటీ. మా ఇంజన్ కట్టేదీ, జట్టును నడిపేదీ యాదగిరన్నే. ప్రతి పరుగు తర్వాత స్పార్క్ ప్లగ్గు విప్పించి రంగు చూసేవాడు. కాఫీ రంగుంటే ఇంజన్‌కు పెట్రోలు సరిపోతున్నట్టు, తెల్లగా ఉంటే చాలక వేడెక్కుతున్నట్టు. చివరి పోటీలో బండి స్టార్ట్ కాకపోతే ఆయన్ను అడక్కుండా కొత్త ప్లగ్గు వేశాను. పరుగయ్యాక ప్లగ్గు చూపించమన్నాడు. తిడతాడని భయపడి, జేబులో ఉన్న పాతదే ఆయన చేతిలో పెట్టాను. అది చక్కటి కాఫీ రంగులో ఉంది. ఆయన సంబరపడి, వేగం ఇంకా పెరుగుతుందని పెట్రోలు ఇంకాస్త తగ్గించాడు. తర్వాతి పరుగులో ఇంజన్ వేడెక్కి పట్టేసింది, బండి పడి నా కాలు విరిగింది. విప్పి చూస్తే లోపలి ప్లగ్గు సున్నంలా తెల్లగా ఉంది. తన కళ్లే మోసం చేశాయనుకుని ఆయన రేసులకు దండం పెట్టేశాడు.

తొమ్మిదింటికి సూర్యాపేట. ఆయన ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, దారిలోనే ఉంది కదా అని ఆయన మొదట పనిచేసిన లేత్ షాపుకు నడిచాను. షాపు ముసలాయన తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"యాదగిరా? గీడనే పని నేర్సిండు. సిలిండర్ల ఏలు పెట్టి ఎంత అరిగిందో చెప్తుండె. తర్వాత కోదాడల సొంత షెడ్డు పెట్టుకున్నడు, గాడ అడుగు."

పదకొండున్నరకు కోదాడలో దిగాను. మా రేసు ఇంజన్లన్నీ తయారైన షెడ్డులో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పక్కనున్న టీకొట్టు ఆమెను అడిగాను.

"ఆయన ఎల్లిపోయి శానా రోజులైందండి. మిర్యాలగూడలో చేలకు మందు కొట్టే మిషన్లు బాగుచేస్తన్నాడంట. కళ్లు కనపడట్లేదని చివర్లో ఎవరి బండీ ముట్టుకోలేదు" అంది. టీ సగంలో వదిలేసి లేచాను.

హుజూర్‌నగర్ మీదుగా పోయే పల్లెవెలుగు పన్నెండున్నరకు దొరికింది. రోడ్డంతా సిమెంటు లారీలే, బస్సు నిండా దుమ్ము. పక్క సీట్లో గొర్రెల మందుల సంచితో కూర్చున్న పెద్దాయన నా నడక గమనించినట్టున్నాడు.

"కాలికేమైంది బిడ్డా?"

"బండి మీంచి పడ్డాను."

"తాగినవా?"

"లేదు."

"మరెట్ల పడ్డవు?" అన్నాడు. తాగానని చెప్పినా బాగుండేది, ఆ మాట అక్కడితో తెగిపోయేది.

మూడింటికి మిర్యాలగూడ. ఆటో అతను రైస్‌మిల్లుల వెనక ఒక రేకుల షెడ్డు ముందు దించాడు. యాదగిరన్న తల బాగా నెరిసింది. నన్ను చూసి నవ్వాడు. వెంటనే ఆయన చూపు నా కాలి మీదికి పోయింది.

"ఇంకా నొస్తదా?" అన్నాడు.

ఆయన భార్య లక్ష్మక్క పక్కనే పీట మీద కూర్చుంది. అన్న ఒక స్ప్రేయర్ ప్లగ్గు విప్పి ఆమెకిచ్చాడు. "ఏం రంగున్నది?" "కాఫీ రంగే." సరేనని మళ్లీ బిగించాడు. తర్వాతి మిషన్‌కూ అంతే. నాకు ఏడుపు ఆగలేదు. జరిగిందంతా అక్కడే నిలబడి చెప్పేశాను.

ఆయన స్పానర్ కింద పెట్టాడు. "గప్పుడే ఎందుకు చెప్పలే?"

"దవాఖానకొచ్చి నువ్వే నా చేతులు పట్టుకుని ఏడిస్తివి అన్నా. నోరు రాలేదు."

"ముగ్గురు కండ్ల డాక్టర్లకు సూపించుకున్న. ఏం లేదన్నరు, నేనే నమ్మలే." చేతి గ్రీజు గుడ్డకు తుడుచుకున్నాడు. "కండ్లు పోయినయి, ఖతం అనుకుని బతుకుతున్న. ఇప్పుడు అన్నీ ఊకెనే ఇడిసిపెట్టిన అని బతకాలె."

లక్ష్మక్క ఇంకో ప్లగ్గు ఆయన చేతిలో పెట్టి "ఇగ నువ్వే సూడు" అంది. వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. చివరికి "ఏమో, నువ్వే చెప్పు" అని ఆమెకే ఇచ్చేశాడు.

అయిదున్నరకు సికింద్రాబాద్ రైలెక్కాను. ఇలాంటి పని మీద బయల్దేరేవారికి ఈ దారిలో బస్సులకు కొదవ లేదు, ఒక్క రోజులో పోయి రావచ్చు. ఆ ఒక్క రోజుకే నేను ఆరేళ్లు ఆగాను. నా బరువు దిగింది, తీసుకెళ్లి ఆయన నెత్తిన పెట్టి వచ్చాను. నల్లగొండ రాకముందే నిద్రపట్టింది. సికింద్రాబాద్‌లో పక్కసీటాయన తట్టి లేపేదాకా ఒళ్లు తెలియలేదు. ఆరేళ్లలో అంత హాయిగా ఎన్నడూ పడుకోలేదు. తల్చుకుంటే సిగ్గేస్తుంది.